పాత గోడల మచికో గారు

మచికో హిరాయమ గారిని మొదటిసారి చూసినప్పుడు ఆమె ఒక పళ్ల డాక్టరు క్లినిక్ మెట్ల మీద మోకాళ్లు ఆన్చి కూర్చుని, మెట్టు అంచున అరిగిపోయిన రబ్బరును గోటితో గీకి చూస్తున్నారు. నేను ఇంటర్వ్యూకి వచ్చాను. ఆర్కిటెక్ట్ ఆఫీసు ఎక్కడని ఆమెనే అడిగాను. "పైనే. నేనూ అక్కడికే," అని ముందు నడిచారు. తాళం ఆమే తీసినప్పుడు గానీ నాకు సంగతి అర్థం కాలేదు.

నా పేరు ఉజ్వల. మాది హనుమకొండ. మిషిగన్‌లో ఆర్కిటెక్చర్ మాస్టర్స్ ముగించి, ఉద్యోగం దొరక్క, చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ గడువు కరిగిపోతుంటే రోజూ ఈమెయిళ్లు పంపుకుంటూ కూర్చున్న రోజులవి. పెద్ద సంస్థలు వీసా మాట ఎత్తగానే మర్యాదగా తలుపు వేసేవి. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక జపాన్ ఆవిడ ఒంటరిగా ఆఫీసు నడుపుతారని ఎవరో చెబితే రాశాను. రమ్మన్నారు.

ఆఫీసంటే ఒకే గది. కిటికీ పక్కన రెండు బల్లలు, గోడ నిండా చెక్కతో, అట్టలతో చేసిన ఇళ్ల నమూనాలు, మూలన టీ కెటిల్. నేను లాప్‌టాప్ తెరిచి ఆమె వైపు తిప్పాను. సముద్రపు ఒడ్డున మ్యూజియం, గాజు టవరు, కొండ మీద ఇల్లు. అన్నీ ఓపికగా చూశారు. చూసి, "మీ అమ్మ కూరగాయలు ఎక్కడ కూర్చుని తరుగుతుంది?" అని అడిగారు.

ఇదేం ప్రశ్న అనుకున్నాను. "వెనక గుమ్మం దగ్గర. వంటింట్లో గ్రానైట్ గట్టు ఉంది కానీ అక్కడ నిలబడి తరగడం అమ్మకి నచ్చదు. గుమ్మం దగ్గర పీట వేసుకుంటుంది. గాలి వస్తుంది, పక్కింటి ఆవిడతో మాట్లాడుకోవచ్చు."

"మరి నువ్వు గీసిన ఈ ఇంట్లో ఆవిడ ఎక్కడ కూర్చుంటుంది?"

కొండ మీది ఇంటి వైపు చూశాను. నాలుగు వైపులా గాజే. వెనక గుమ్మమే లేదు. నవ్వేశాను. ఆమె కూడా నవ్వి, "సోమవారం నుంచి రా," అన్నారు.

మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషే. ఆమె మాట చాలా పొదుపు. తన గురించి తానుగా చెప్పుకునే మనిషి కాదు. సైట్లకు వెళ్లే దారిలోనో, టీ తాగుతూనో ముక్కలు ముక్కలుగా చెప్పినవి కలిపి రాస్తున్నాను.

ఆమె పుట్టింది జపాన్‌లో తొయామా దగ్గర ఒక చిన్న ఊళ్లో. తండ్రి పోస్టాఫీసులో, తల్లి బడి వంటశాలలో పనిచేసేవారు. టీచరు అవుదామని, ఇంగ్లీషు సాహిత్యం చదవడానికి కోబే నగరం వెళ్లారు. 1995 జనవరిలో అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. ఆమె అద్దెకుంటున్న పాత చెక్క మేడ పక్కకు ఒరిగి కూలింది. ఎదురింటి టోఫు వ్యాపారి దూలాన్ని భుజం మీదికి ఎత్తి పట్టుకుంటే, కింద నుంచి పాకుతూ బయటపడ్డారు. తర్వాత కొన్ని వారాలు ఒక బడి జిమ్‌లో, వందలాది మంది మధ్య, దుప్పటి పరిచినంత చోటులో గడిపారు.

ఆమె పక్కనే ఒక ముసలావిడ ఉండేదట. ఎవరు టీ ఇచ్చినా వద్దనేది. దాహం వేయడం లేదా అని అడిగితే, టీ తాగితే టాయిలెట్‌కి వెళ్లాలి, వెళ్లాలంటే పడుకున్న మగవాళ్లందరినీ దాటుకుంటూ పోవాలి, నాకు సిగ్గు అని చెప్పింది. మచికో గారు తోటి విద్యార్థులను కొందరిని పోగేసి, పరుపులన్నీ కాస్త కాస్త జరిపించి, గోడ వారగా ఒక దారి తీశారు. దారి పొడవునా తాడు కట్టి దుప్పట్లు వేలాడదీశారు. ఆ రోజు ముసలావిడ టీ తాగింది.

"అది చూశాక నేను ఇక సాహిత్యం క్లాసులో కూర్చోలేకపోయాను," అన్నారు మచికో గారు.

మళ్లీ మొదటి నుంచి ఆర్కిటెక్చర్ చదివారు. ఒసాకాలో హోటళ్లు కట్టే పెద్ద సంస్థలో చేరారు. పెళ్లయింది. భర్త కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. ఆయనకు మిషిగన్ బదిలీ అయితే ఉద్యోగం వదిలి వెంట వచ్చారు. ఆమెది డిపెండెంట్ వీసా, పని చేయడానికి వీల్లేదు. ఆ మాట దగ్గర నేను ఆగలేకపోయాను. మన ఆడపిల్లలు ఎంతమంది అలా ఇంట్లో కూర్చున్నారో నాకు తెలుసు.

"మరి రోజంతా ఏం చేసేవారు?"

"చలికాలమంతా సూపర్‌మార్కెట్లలో నడిచాను. ఏమీ కొనేదాన్ని కాదు. షాపువాళ్లు అనుమానంగా చూసేవాళ్లు."

తర్వాత యాన్ ఆర్బర్ యూనివర్సిటీలో చేరి మళ్లీ చదివారు. లైసెన్సు పరీక్షలు రాశారు. సౌత్‌ఫీల్డ్‌లో ఒక సంస్థలో పళ్ల డాక్టర్ల క్లినిక్‌లు, బ్యాంకు బ్రాంచీలు గీసే ఉద్యోగం వచ్చింది. గ్రీన్‌కార్డూ వచ్చింది. కుదురుకున్నాం అనుకునేసరికి కార్ల పరిశ్రమ కుప్పకూలిన కాలం వచ్చిపడింది. ఆమె సంస్థ మూతపడింది, భర్తను కంపెనీ వెనక్కి పిలిచింది. వెళ్లిపోదాం రమ్మని ఆయన, ఇక్కడే ఉండి చూస్తానని ఆమె. గొడవ పడకుండానే విడిపోయారు. ఇప్పటికీ కొత్త సంవత్సరం నాడు ఆయన ఫోన్ చేస్తారు. నేను ఉండగా కూడా ఒకసారి చేశారు. ఇద్దరూ చాలాసేపు నవ్వుకుంటూ మాట్లాడుకున్నారు.

ఈ ఒక్క గది ఆఫీసు అప్పుడు పెట్టిందే. ఆ రోజుల్లో డెట్రాయిట్ చుట్టుపక్కల ఎటు చూసినా మూతపడిన షాపులు, బడులు. చూసినవాళ్లకు దిగులు పుట్టేది. ఆమెకు పని కనిపించింది. ఒక వీడియో షాపును పిల్లల డేకేర్‌గా మార్చారు. ఒక బ్యాంకును బేకరీ చేశారు. చర్చి బేస్‌మెంటులో వంటశాల కట్టారు. పాతది కూల్చి కొత్తది కట్టమని వచ్చినవాళ్లను మాత్రం, "ఇంకా బతికే గోడను ఎందుకు చంపడం?" అని అడిగేవారు. ఆ ప్రశ్న వల్ల చేతికొచ్చినవాటి కంటే చేజారిన పనులే ఎక్కువ. పత్రికల్లో ఫోటో పడలేదు, అవార్డులు రాలేదు. అయితే ఆమెతో కలిసి ఆ బేకరీకి వెళ్తే ఓనరు వద్దన్నా వినకుండా మా ఇద్దరి చేతుల్లోనూ వేడి రొట్టె పెట్టి పంపేది.

నేను చేరిన ఏడాదే కోటేశ్వరరావు అంకుల్ మా ఆఫీసు మెట్లెక్కారు. గుంటూరు మనిషి. కార్ల కంపెనీలో చేసి రిటైరై, అక్కడి తెలుగు సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నారు. సంఘం మూతపడిన ఎలిమెంటరీ స్కూలు ఒకటి కొన్నది. దాన్ని కూల్చేసి, పెళ్లిళ్లకూ ఉగాది ప్రోగ్రాములకూ పెద్ద హాలు కట్టాలని కమిటీ ఆలోచన. పిల్లలు ఆఫీసులకు వెళ్లాక పగలంతా ఇళ్లలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల కోసం ఒక మూలన రెండు గదులు కూడా వేద్దామన్నారు.

"ఫ్రంట్ మాత్రం గ్రాండ్‌గా ఉండాలండీ. హైవే మీంచి చూస్తే మనదని తెలియాలి," అన్నారు అంకుల్.

మచికో గారు అంతా విని, "ఆ రెండు గదుల్లో కూర్చోబోయేవాళ్లను కలవొచ్చా?" అని అడిగారు.

అంకుల్ నా వైపు తిరిగి తెలుగులో, "హాల్ గురించి చెప్తుంటే ఈవిడ రూముల గురించి అడుగుతుందేంటమ్మా?" అన్నారు.

"మేడమ్ పద్ధతి గంతే అంకుల్. ఒకసారి తీస్కపోతే ఏమైతది?" అన్నాను.

ఆయన మమ్మల్ని వసంతలక్ష్మి ఆంటీ ఇంటి దగ్గర దింపి వెళ్లారు. కాకినాడలో లెక్కల టీచరుగా చేసిన మనిషి. భర్త పోయాక కూతురు శశికళ దగ్గర ఉంటున్నారు. ఇల్లు పెద్దది. బేస్‌మెంటులో హోమ్ థియేటర్ కూడా ఉంది. ఆంటీ మాత్రం లాండ్రీ రూములో, వాషింగ్ మెషిన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఉన్నారు.

"ఇక్కడెందుకు కూర్చుంటారు?" అని మచికో గారు అడిగితే నేను తెలుగులో చెప్పాను.

"లివింగ్ రూమ్‌లో కూర్చుంటే వెనక గడ్డి కనిపిస్తుందమ్మా. గడ్డి ఏం మాట్లాడుతుంది? ఇక్కడైతే రోడ్డు. పొద్దున స్కూల్ బస్సు, మధ్యాహ్నం పోస్టు వ్యాను. కుక్కని తిప్పే ఎర్రటోపీ ఆయన ఒకడున్నాడు, నాకు చెయ్యి కూడా ఊపుతాడు."

మచికో గారు వాషింగ్ మెషిన్‌కి ఆనుకుని నేల మీద కూర్చున్నారు. కూర్చుంటే ఆమెకు కిటికీ అందలేదు. లేచి నిలబడి, ఆంటీ కుర్చీ వీపు పట్టుకుని చూశారు. కాసేపటికి ఎర్రటోపీ మనిషి నిజంగానే వచ్చాడు. ముగ్గురం చేతులు ఊపాం. ఇంతమందిని చూసి అతను తెల్లబోయి, కుక్క కాలు పట్టుకుని దానిచేత కూడా ఊపించాడు. ఆంటీ పకపకా నవ్వారు.

మర్నాడు స్కూలుకి వెళ్లాం. నేను టేపుతో కొలతలు తీసుకుంటున్నాను. మచికో గారు ఒక తరగతి గదిలో పిల్లల కుర్చీలో కూర్చుని కదలడం లేదు.

"ఉజ్వలా, వచ్చి కూర్చో."

కూర్చున్నాను. కిటికీ అంచు నా మోచేతి దగ్గరికే ఉంది. రోడ్డు, మేపుల్ చెట్లు, బస్ స్టాపు, ఎదురింటి మెయిల్‌బాక్సు, అంతా కనబడుతోంది. చిన్నపిల్లలు కూర్చుని బయటికి చూడటానికి కట్టిన కిటికీలు అవి.

"మామూలు కట్టడాల్లో కిటికీ నిలబడేవాళ్ల కోసం పెడతారు. ఇక్కడ ఎవరో కూర్చునేవాళ్ల గురించి ఆలోచించారు," అన్నారు. ఆ పేరు తెలియని పాత ఆర్కిటెక్టుకు తల వంచి నమస్కారం పెట్టారు. తర్వాత భవనం లోపలి పొడుగాటి వరండా చూపించి, "మంచు కాలంలో పెద్దవాళ్లు నడవడానికి ఇంతకంటే మంచి రోడ్డు ఎక్కడుంది?" అన్నారు.

ఆమె గీసిన ప్లానులో స్కూలు కూల్చలేదు. జిమ్ పెళ్లిళ్ల హాలయింది. ఎండ పడే తరగతి గదులన్నీ పెద్దవాళ్లవి.

ఒక ఆదివారం సంఘం సభ్యుల ముందు ఆ ప్లాను పెట్టాం. చాలామందికి నచ్చలేదు. ధర్మారావు అని ఊళ్లో బిల్డరుగా పేరున్న పెద్దమనిషి లేచి, "కురచ కిటికీలు, పాత ఇటుకలు. ఇంత చేసి చివరికి స్కూల్లో పెళ్లి చేసుకోవాలా అండీ? గుజరాతీ వాళ్ల హాలు చూశారా ఎలా ఉందో?" అన్నారు. చప్పట్లు పడ్డాయి. మచికో గారికి నేను అనువాదం చేయబోతే, "అర్థమైంది, చప్పట్లకు అనువాదం అక్కర్లేదు," అన్నారు.

అప్పుడు వెనక వరుసలోంచి వసంతలక్ష్మి ఆంటీ లేచారు.

"నేనెప్పుడూ మీటింగుల్లో మాట్లాడలేదు. ఒక్క మాట చెప్పి కూర్చుంటాను. ధర్మారావు గారూ, పెళ్లి హాలుకి నన్ను ఎప్పుడో ఒకసారి పట్టుచీర కట్టించి తీసుకెళ్తారు. కిటికీ దగ్గర నేను రోజూ కూర్చుంటాను. ఈవిడ మా ఇంటికొచ్చి నా కిటికీలోంచి చూసింది. మీలో ఎవరైనా చూశారా?"

శశికళ గారు తల్లి వైపు చూస్తూ ఉండిపోయారు. కోటేశ్వరరావు అంకుల్ గొంతు సవరించుకుని, "టీచరు గారు నిలబెట్టి అడిగాక ఇంకేం చెప్తాం," అన్నారు. నవ్వులు వినిపించాయి, చేతులు లేచాయి. అందరివీ కాదు, కానీ చాలినన్ని. గ్రాండ్ ఫ్రంట్ కావాలన్నవాళ్ల కోసం మచికో గారు ఒక పని ఒప్పుకున్నారు. ఇంటికి ఎవరైనా వస్తే తెలుగువాళ్లు మొదట ఏమంటారని నన్ను అడిగి, 'రండి' అన్న మాటను స్వయంగా కుంచెతో రాసి, ఆ అక్షరాలను హైవే మీంచి కనిపించేంత పెద్దగా ముందు గోడ మీద పెట్టించారు. ఆ రెండు అక్షరాలు కుదిరేదాకా ఆఫీసు నిండా కాగితాలే.

పనులు మొదలైన చలికాలంలో, ఒక ఉదయం సైట్ పార్కింగ్‌లో కంటికి కనిపించని మంచుపొర మీద మచికో గారు జారి పడ్డారు. చీలమండ విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. కాలు కింద పెట్టకూడదన్నారు. ఆమె ఉండేది మెట్లెక్కి వెళ్లాల్సిన అపార్ట్‌మెంట్‌లో, ఒంటరిగా. నేను నా రూమ్మేట్లతో మాట్లాడి తీసుకెళ్దామనుకునేలోపే వసంతలక్ష్మి ఆంటీ, శశికళ గారు హాస్పిటల్‌కి వచ్చారు.

"మా ఇంట్లో కింద గది ఖాళీగా ఉంది. లే, పోదాం," అన్నారు ఆంటీ, తెలుగులోనే.

నేను చెప్పాను. మచికో గారు తల అడ్డంగా ఊపారు. "నేను ఎవరికీ భారం కాకూడదు."

"భారం ఏంటమ్మా? పగలంతా నాకు తోడు కావద్దూ? చెప్పు ఆవిడకి."

ఆ మాట చెప్పగానే మచికో గారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె కంటతడి నేను చూడటం అదొక్కసారే.

వసంతం వచ్చేదాకా ఆమె ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆంటీకి ఇంగ్లీషు అంతంత మాత్రం, ఆమెకు తెలుగు సున్నా. నేను సాయంత్రం వెళ్లేసరికి ఇద్దరూ చారు ఎలా కాచాలో చేతులతో మాట్లాడుకుంటూ ఉండేవారు. "మీ మేడమ్‌కి నిమ్మకాయ కారం పడదు గానీ కందిపొడి ఇష్టం," అని ఆంటీ నాకు రిపోర్టు ఇచ్చేవారు. శశికళ గారి అమ్మాయి ఇషా స్కూలు నుంచి వచ్చాక, "ఆంటీ, నేను నీకు పుష్ చేస్తా, ఓకే?" అంటూ చక్రాల కుర్చీని ఇల్లంతా తిప్పేది.

కాస్త తేరుకోగానే, "నన్ను సైట్‌కి తీసుకెళ్లు," అన్నారు. తీసుకెళ్లాను. ముందు ద్వారం దగ్గర ర్యాంపు అప్పటికే పోసి ఉంది. నేను తోయబోతే వద్దని, తనే చక్రాలు తిప్పుకుంటూ ఎక్కారు. సగంలోనే చేతులు వణికాయి. మలుపు దగ్గర కుర్చీ గోడకు ఎదురుగా ఇరుక్కుంది. ఎలాగో పైకి చేరితే తలుపు బయటికి తెరుచుకుంటోంది. తెరవాలంటే కుర్చీని వెనక్కి, ఆ వాలు మీదికే జరపాలి. ఆమె అక్కడే ఆగి ఊపిరి తీసుకున్నారు.

"రూల్ ప్రకారం అంతా కరెక్టే కదా మేడమ్. మనమే చెక్ చేశాం," అన్నాను.

"రూల్ ప్రకారం కరెక్టే. మనిషి ప్రకారం తప్పు. గీసింది నేనే."

ఆ వారమే కమిటీని పిలిచి, తప్పు నాది, ర్యాంపు పగలగొట్టి మళ్లీ పోయాలి అని దాపరికం లేకుండా చెప్పారు. కొత్త ర్యాంపు తరగతి కిటికీల పక్కగా, నెమ్మదైన వాలుతో, మధ్యలో ఆగి కూర్చోవడానికి బల్లతో వచ్చింది. స్విచ్‌లు కిందికి దిగాయి. టాయిలెట్లు దగ్గరికి జరిగాయి. ర్యాంపు పనికి ధర్మారావు గారు తన మనుషులను తీసుకుని వచ్చి దగ్గరుండి చేయించారు. ఎవరూ అడగలేదు. "తప్పు ఒప్పుకునే ఆర్కిటెక్టుని నా సర్వీసులో చూడలేదమ్మా," అని మాత్రం నాతో అన్నారు.

ప్రారంభోత్సవం రోజు సంఘం వాళ్లు మచికో గారికి శాలువా కప్పారు. మాట్లాడమంటే మొదట వద్దన్నారు. తర్వాత మైకు తీసుకుని, "నా కాలు విరిగినప్పుడు మీరు నాకు అన్నం పెట్టారు. మీ ఇంట్లో ఉండటం వల్ల ఈ ఇల్లు కాస్త బాగా వచ్చింది. మీకు రుణపడి ఉన్నాను," అని వంగి నమస్కరించారు. ముందు వరుసలో పెద్దవాళ్లందరూ లేచి నిలబడి తిరిగి నమస్కారం పెట్టారు. సంఘం ఆమెకు జీవిత సభ్యత్వం ఇచ్చింది. దాన్ని ఆమె మొక్కుబడిగా తీసుకోలేదు. వారంలో ఒక మధ్యాహ్నం అక్కడే భోజనం చేస్తారు, కందిపొడి ఆమె పళ్లెంలో ముందే ఉంటుంది. జనవరిలో వరండా నిండా స్వెట్టర్లు, స్పోర్ట్స్ షూలు, బీపీల కబుర్లు. వసంతలక్ష్మి ఆంటీ సాయంత్రాలు అక్కడే పిల్లలకు లెక్కలు చెబుతున్నారు, వేరే వీధుల వాళ్లకు కూడా.

నా సంగతి కూడా చెప్పాలి. మచికో గారు నాకు హెచ్1బీ ఉద్యోగ వీసా ఫైల్ చేశారు. మొదటి ఏడాది వీసా లాటరీలో నా పేరు రాలేదు. చెప్పలేక చెప్పలేక చెప్పాను. "సరే, మళ్లీ వేద్దాం. ఈలోపు ఆ కొత్త డేకేర్ డ్రాయింగ్ పూర్తి చేయి," అన్నారు. అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టిందంటే ఆ మాట వల్లే. తర్వాతి ఏడాది వచ్చింది. ఇప్పుడు లైసెన్సు పరీక్షలు రాస్తున్నాను. లైసెన్సుకు లెక్కలోకి వచ్చేలా, ఆమె దగ్గర చేసిన ప్రతి గంటకూ ఆమే సంతకం పెడుతున్నారు.

పోయిన నెల, కొన్ని గంటల దూరంలో ఉన్న షామ్‌బర్గ్ ఊరి తెలుగువాళ్లు ఫోన్ చేశారు. అక్కడ మూతపడిన ఫర్నిచర్ షాపు ఒకటి ఉందట, పెద్దవాళ్ల కోసం మార్చవచ్చేమో వచ్చి చూడమన్నారు. నేను డ్రైవ్ చేస్తుంటే పక్కన మచికో గారు ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నారు. చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్న మాట అప్పుడు చెప్పాను. "మేడమ్, ఆ రోజు మీరు రమ్మనకపోతే నేను ఈ పాటికి ఏమైపోయేదాన్నో. థాంక్స్ అంటే చిన్న మాటవుతుంది."

ఆమె ఫ్లాస్కు మూత బిగించారు. "నాకు కూడా ఇవి మంచి రోజులే, ఉజ్వలా. ఒక్కదాన్నే పని చేసినప్పుడు ఇంత నవ్వలేదు," అన్నారు. టీ కప్పు నా చేతికి అందించారు.

మేము చేరేసరికి షాపు ముందు కొందరు పెద్దవాళ్లు కోట్లు వేసుకుని ఎదురుచూస్తున్నారు. ఒకాయన చేయెత్తి, "ఇటు పార్క్ చేయండమ్మా," అని కేకేశారు. మచికో గారు చేతికర్ర తీసుకుని దిగి, అందరికీ వంగి నమస్కరించి, వాళ్లతో మాట్లాడుతూ లోపలికి నడిచారు. నేను డిక్కీలోంచి టేపు తీసుకుని వెనకే వెళ్లాను.